పాటలో ఆగని ఊరు

ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. ఎనిమిదో తరగతి నుంచి రాస్తున్న డైరీలో కూడా సూటిగా రాసుకోలేదు. "ఇంకెన్ని ఊర్లు" పాటలో ఈదులబండ లేకపోవడానికి కారణం యాదగిరన్న కాదు. నేను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఈ ఆరేడేళ్ళలో పెళ్ళయినవాళ్ళకు ఆ పాట ఏదో చెప్పక్కరలేదు. మీ అప్పగింతలప్పుడు బ్యాండువాళ్ళు వాయించింది అదే. మిగతావాళ్ళ కోసం చెప్తాను. కొత్త పెళ్ళికూతురు బస్సెక్కి అత్తగారింటికి పోతూ డ్రైవర్ని అడుగుతుంటుంది, ఇంకెన్ని ఊర్లన్నా అని. డ్రైవరు వచ్చిన ఊరు వచ్చినట్టు ఒక్కో ఊరి సంగతి చెప్తుంటాడు. అంతే పాట. మా గజ్జెలబండి జానపద బృందం మూడు క్యాసెట్లు చేసింది. జనానికి గుర్తున్నది ఇదొక్కటే.

ఆ బృందంలో నేను ఏడేళ్ళు కోరస్ పాడాను. ఇప్పుడు రిటైరయ్యాను. నా వయసు ఇరవై ఏడు. రిటైరయ్యానంటే మా ఇంట్లో అందరూ నవ్వుతారు, కానీ మానేశానంటే అలిగి మానేసినట్టు ఉంటుంది, తీసేశారంటే అబద్ధం అవుతుంది. క్యాసెట్ల షాపులన్నీ సెల్‌ఫోన్ల షాపులయ్యాక మా పని దానంతటదే అయిపోయింది. ఇప్పుడు గద్వాలలో ఒక బడిలో పాఠాలు చెప్తున్నాను. మొన్న ఒక అమ్మాయి వెతుక్కుంటూ వచ్చి, తను ఒక బృందంలో కోరస్‌కు చేరుతున్నానని, ముందుగా ఏం నేర్చుకోవాలో చెప్పమని అడిగింది. నాకు మనుషుల ముందు మాట పెగలదు. "బాగా పాడాలి" అని చెప్పి పంపేశాను. అది తప్పు సమాధానం. అసలు సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

కోరస్ అంటే పాడకుండా ఉండటం

కోరస్‌వాళ్ళు పాటలో పాడేది నాలుగో వంతు. మిగతా మూడు వంతులు నిలబడి ఉంటారు. ఆ నిలబడటమే పని. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియాలి. దాహమైనట్టు కనబడకూడదు. ముందు పాడేవాడు తప్పు పాడితే మొహంలో తెలియనివ్వకూడదు. ఒకే మైకులో ఇద్దరు పాడాలి కాబట్టి, పక్కమనిషి మధ్యాహ్నం ఏం తిన్నదో మీకు తెలుస్తుంది. తెలిసినా నవ్వుతూ ఉండాలి.

ఇవన్నీ నాకు నేర్పింది సాయమ్మక్క. ఆమె నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అక్షరం రాదు, పాట మాత్రం ఒక్కసారి వింటే చాలు. మొదటి ప్రోగ్రాంలో నేను భయపడి గొంతు విప్పలేకపోతే, స్టేజీ దిగాక తిట్టలేదు. "పెదవులన్న కదిలియ్యి బిడ్డా, రెండు నెల్లు నీ పాట గూడ నేనే పాడుత" అన్నది. నిజంగానే పాడింది. నేను రెండు నెలలు పెదవులు కదిలించాను. అందరూ నా గొంతు బాగుందన్నారు.

మా బృందానికి పెద్ద యాదగిరన్న. వనపర్తిలో దర్జీ. రాగం కట్టడంలో ఆయనంతటోడు లేడని ఇప్పటికీ అంటాను. మనిషి మంచివాడే, కానీ మైకు ముందు నిలబడితే ఒంట్లోకి ఇంకెవరో వచ్చేవారు. రిహార్సల్ ఆయన షాపు వెనక గదిలో జరిగేది. ఒక చేత్తో హార్మోనియం, ఒక కాలు కుట్టుమిషన్ మీద. దసరా ముందయితే మేం పాడుతుంటే ఆయన కాజాలు కుట్టేవాడు. డోలక్ జహంగీరన్నది. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు, అందుకని ఆయన గురించి ఎక్కువ రాయలేను.

సాయమ్మక్క, నేను గద్వాలవాళ్ళం. మా నాన్న మగ్గం నేస్తాడు. గద్వాల చీరలు కట్టుకుని పాడితే స్టేజీకి నిండుగా ఉంటుందని యాదగిరన్న ఒకసారి అన్నాడు. నేసేవాళ్ళ ఇళ్ళలో ఆ చీరలు మగ్గం మీద ఉంటాయి తప్ప ఒంటి మీద ఉండవని నేను చెప్పలేక తల ఊపి వచ్చాను. ఏడేళ్ళూ పాలిస్టర్ చీరలోనే పాడాను.

వారానికి రెండుసార్లు వనపర్తి బస్సు ఎక్కేవాళ్ళం. సంచిలో లైబ్రరీ పుస్తకం, డైరీ ఉండేవి. పుస్తకం చదివితే కడుపులో తిప్పేది కాబట్టి డైరీలో రాసేదాన్ని. బస్సు ఆగిన ప్రతిచోటా కిటికీలోంచి కనిపించింది ఒక లైను రాయడం అలవాటయింది. ఎర్రవల్లి అడ్డా దగ్గర మిరపకాయల మూటలు, బీచుపల్లి బ్రిడ్జి మీద కృష్ణమ్మకు చిల్లర విసిరేవాళ్ళు, పెబ్బేరు సంతకు పోయే పెయ్యలు. పెబ్బేరులో సగం బస్సు ఖాళీ అయ్యేది, గాలి ఆడేది. అక్కడ నాకు నిద్ర వచ్చేది. వనపర్తి బస్టాండులో సాయమ్మక్క లేపేది.

తిరుగు ప్రయాణంలో మెలకువగానే ఉండేదాన్ని. కానీ నిలబడి. అప్పుడు కనిపించేవి జనాల మోచేతులే.

బి సైడు

మొదటి క్యాసెట్‌కు హైదరాబాదులో ఒక చిన్న స్టూడియోకు పోయాం. ఎనిమిది పాటలు సిద్ధం చేసుకున్నాం. పాడటం అయ్యాక, బి సైడులో ఆరు నిమిషాల టేపు మిగిలిపోయిందని రికార్డింగ్ చేసేవాడు చెప్పాడు. ఖాళీగా వదిలితే కొన్నవాళ్ళు తమ టేప్ రికార్డర్ చెడిపోయిందనుకుని దాన్ని కొడతారట. ఏదో ఒకటి పాడండి, అరగంటలో వేరేవాళ్ళు వస్తారు అన్నాడు.

యాదగిరన్న దగ్గర ఎప్పుడూ ఒకటి రెండు రాగాలు మిగిలి ఉండేవి. మాటలుండేవి కావు. ఆయన హార్మోనియం మీద ఆ రాగం తిప్పుతూ చెమటలు తుడుచుకుంటున్నాడు. నేను నా డైరీ తెరిచి, బస్సు పేజీ చూసి, ఇరవై నిమిషాల్లో దాన్ని ఆ రాగానికి సరిపోయేట్టు ఒక కాగితం మీద కూర్చి ఆయన ముందు పెట్టాను. నోటితో ఏమీ అనలేదు.

ఎర్రవల్లి అడ్డ మీద ఎండుమిర్చి మూటలు,
ఎనక సీటు ముసలమ్మకు ఎన్నడొడవని మాటలు.

ఇలా నాలుగు ఊర్లు. ప్రతి ఊరి తర్వాత మేమిద్దరం "ఇంకెన్ని ఊర్లన్నా, ఇంకెన్ని ఊర్లు" అనాలి. ఆయన రెండుసార్లు గొణుక్కుని, పాడదాం అన్నాడు. ఎర్రబల్బు వెలిగింది. సాయమ్మక్క ఆ మాటలు మొదటిసారి వింటున్నది అప్పుడే. ఎర్రవల్లి వచ్చింది, బీచుపల్లి వచ్చింది. పెబ్బేరు వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు మొదలయింది, నిలబడిన తీరు మారింది, కొంగు సర్దుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. పెబ్బేరు తర్వాత యాదగిరన్న నేరుగా వనపర్తి అన్నాడు. ఆమె నవ్వు అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం అందులోంచి వెళ్ళిపోయాయి.

అప్పుడు తట్టింది నాకు. పెబ్బేరుకు, వనపర్తికి మధ్యన ఈదులబండ. సాయమ్మక్క పుట్టిన ఊరు. పేరు వందసార్లు విన్నాను, ఒక్కసారీ చూడలేదు. చూసింది రాసే డైరీలో చూడని ఊరు లేదు, డైరీలో లేని ఊరు పాటలోకి రాలేదు.

పాట కాగానే ఆమె అడిగింది, మా ఊరు కలిపి ఇంకొకసారి పాడుదామని. రికార్డింగ్ చేసేవాడు గడియారం చూపించాడు. తర్వాత క్యాసెట్ అట్ట మీద వేయడానికి రాసినవారి పేరు అడిగాడు. యాదగిరన్న నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన ఇంకోసారి చూశాడు. నేను ఇంకా నేలే చూస్తున్నాను. ఆ నేల మీద ఎర్ర తివాచీ, దానికి మూడు కాలిన మచ్చలు. ఇప్పటికీ గుర్తున్నాయి. "నేనే రాసిన" అన్నాడు యాదగిరన్న.

దాన్ని దొంగతనం అననివ్వను. ఆయన రెండుసార్లు తలుపు తెరిచి పట్టుకున్నాడు, నేను పోలేదు. కొత్తగా వచ్చే అమ్మాయిలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మీరు చేసింది మీదని చెప్పడానికి ఒక నిమిషమే దొరుకుతుంది. తివాచీ తర్వాత చూసుకోవచ్చు.

మధ్యవర్తి

పాట ఎట్లా పట్టుకుందో మాకెవరికీ తెలియదు. ముందు జీపులవాళ్ళు పెట్టుకున్నారు, తర్వాత హోటళ్ళు, తర్వాత పెళ్ళిళ్ళు. ఊరి పేరు పాటలో వచ్చినప్పుడు ఆ ఊరివాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. గద్వాల నుంచి పోయే జీపుల్లో క్లీనర్ పిల్లలు ఊర్ల పేర్లు పాట వరుసలోనే అరిచేవాళ్ళు. పెబ్బేరు, వనపర్తి, పెబ్బేరు, వనపర్తి. ఈదులబండ మనిషి దిగాలంటే ముందే అరవాలి. అరిస్తే జీపు డ్రైవరు, "పాటల లేదు గదా పెద్దమనిషీ, ఏడున్నది మీ ఊరు" అని అడిగేవాడట.

ఇదంతా సాయమ్మక్క తలకు చుట్టుకుంది. ఆమె తమ్ముడు నర్సింహ గద్వాల దాకా వచ్చి, ఊర్లన్నీ తిరిగి పాడినవ్, పుట్టిన ఊరే దొరకలేదా అని అడిగి, మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాడు. ఆ పైన అక్కడ ఏ శుభకార్యమైనా ఆమెకు పిలుపు లేదు. బస్సులో ఆమె కూర్చునే దిక్కు కూడా మారింది. ఈదులబండ కుడిచేతివైపు వస్తుందని, ఎడమవైపు సీట్లోకి పోయింది. నేను ఆమె ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మారి నిద్రపోయాను. ఎందుకు మారామని అడగలేదు.

ఆమె యాదగిరన్నతో మాట్లాడటం మానేసింది. పాడటం మానలేదు, మాట్లాడటమే. ఆ గది పది అడుగులుంటుంది. నలుగురం కూర్చుంటే మోకాళ్ళు తగిలేవి. అయినా మాటలన్నీ నా మీదుగా పోవాలి.

"శ్రుతి ఎక్కువైందని మీ అన్నకు చెప్పు బిడ్డా."

నేను చెప్పకముందే ఆయన తగ్గించేవాడు.

"విన్నడేమో అడుగు."

"విన్ననని చెప్పు చెల్లె."

నాలాంటి మాట రానిదాన్ని పట్టుకుని వాళ్ళిద్దరూ టెలిఫోన్ చేశారు. నేను మొదట్లో మాట మాటా చేరవేసేదాన్ని, తర్వాత తల తిప్పడం మాత్రమే చేసేదాన్ని. ఒకసారి ఆమెను మంచి చేసుకోవడానికి యాదగిరన్న జాకెట్ కుట్టి పంపాడు. చంక కాడ బిగువైందని చెప్పమని తిప్పి పంపింది. ఆయన విప్పి కుట్టాడు. ఆమె వేసుకుంది, బాగుందని నాతోనే చెప్పించింది, మాట్లాడటం మాత్రం లేదు. ఇట్లా నాలుగేళ్ళు.

ఆయన నోరు తెరిచి "ఆ పాట నేను రాయలేదమ్మా" అంటే అయిపోయేది. కానీ అప్పటికి ఆ పాట పేరు చెప్పి ఆయనకు శాలువాలు కప్పారు. శాలువాలు ఆయనవైతే తిట్లు కూడా ఆయనవే కావాల్సి వచ్చింది. నేను నోరు తెరిచినా అయిపోయేది. నేను రోజూ రాత్రి డైరీలో "రేపు చెప్పాలి" అని రాసేదాన్ని. ఏం చెప్పాలో రాయలేదు, అమ్మ చదువుతుందని.

ఒక్క పాట బతుకు

ఒక్క పాటతో పేరొచ్చిన బృందంలో పని ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పరు. నేను చెప్తాను. మీరు మిగతా పాటలన్నీ పాడుతుంటే జనం మర్యాదగా కూర్చుని దాని కోసం ఎదురుచూస్తుంటారు. యాదగిరన్న రెండో క్యాసెట్ కోసం ఆరు నెలలు రాగాలు కట్టాడు. అందులో పత్తి ఏరే పాట ఒకటి ఉండేది, ఇప్పటికీ ఒక్కదాన్నే ఉంటే అదే పాడుకుంటాను. స్టేజీ మీద అది మొదలుపెడితే ఎవరో ఒకరు వెనక నుంచి "బస్సు ఎప్పుడొస్తదన్నా" అని అరిచేవారు.

పైగా పోయిన ఊరల్లా తమ పేరు కలపమనేది. నాలుగు ఊర్ల పాట పదిహేను ఊర్లయింది. అయిజలో కలిపితే రాయచూరు కూడా కలపమన్నారు. అచ్చంపేటలో పాడేసరికి బస్సు అడవి దాకా పోవాల్సి వచ్చింది, పాట ముప్పావుగంట పట్టింది, జహంగీరన్న వేళ్ళకు ఆవదం రాసుకున్నాడు. ఆత్మకూరులో పెబ్బేరు తర్వాత ఆత్మకూరు అని పాడగానే ముందు వరుసలో ఒక పెద్దాయన లేచాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి దిగిపోయిన మనిషి. ఆ రూటు తప్పు, బస్సు అట్లా తిరగదు, తిరిగితే మళ్ళీ ఏ రోడ్డు ఎక్కుతుందో చెప్పమన్నాడు. యాదగిరన్న పాట ఆపి రూటు సరిచేసి మళ్ళీ పాడాడు. నాగర్‌కర్నూల్‌లో పక్కపక్క ఊర్లు రెండు, ఏది ముందు రావాలని కొట్లాటకు దిగితే, ఒకసారి పోయేటప్పుడు, ఒకసారి వచ్చేటప్పుడు అని రెండుసార్లు పాడి బయటపడ్డాం.

ఇన్ని ఊర్లు కలిపిన యాదగిరన్న ఈదులబండ ఎందుకు కలపలేదని మీరు అడగొచ్చు. కలుపుతానని నాతో ఎన్నోసార్లు కబురు పంపాడు. "పిలవని ఊర్ల బస్సు ఆపొద్దని చెప్పు" అన్నది సాయమ్మక్క. ఆ ఊరు పిలిచి, ఆ ఊర్లోనే పాడాలి. లేకుంటే వద్దు. అదీ ఆమె పట్టు.

ఒక్కరోజు మెలకువ

నాలుగో ఏడు ఈదులబండలో బొడ్రాయి నిలబెడుతున్నారని తెలిసింది. ఊరి నడుమ రాయి నిలిపే పండగకు ఆ ఊరు ఇచ్చిన ఆడబిడ్డలందర్నీ, ముసలివాళ్ళయినా సరే, పిలిచి చీర పెట్టాలి. ఒక్కరిని మరిచినా ఊరికి మంచిది కాదంటారు. కాబట్టి సాయమ్మక్కను పిలవకతప్పదు. నర్సింహ మళ్ళీ గద్వాల వచ్చాడు. ఈసారి నీళ్ళు తాగాడు. ఊరి పెద్దలు మీ బృందాన్నే పెట్టారు, పాటలో మన ఊరు వస్తే నువ్వు మా ఇంట్లో దిగు, రాకుంటే బొడ్రాయి కాడ చీర తీసుకుని అట్నుంచి అటే పో అని చెప్పాడు.

అతను పోయాక ఆమె ఆ నీళ్ళ గ్లాసు కడిగి బోర్లించింది. ఆమెకు పిల్లల్లేరు, భర్త పోయి పదేళ్ళు. ఆ ఇల్లు తప్ప పోవడానికి ఇల్లు లేదని నాకు తెలుసు.

ఈ కబురు అందిన మర్నాడే యాదగిరన్న, సాయమ్మక్క లేని సమయం చూసి నన్ను పక్కకు పిలిచాడు. కత్తెర కింద పెట్టి, "చెల్లె, ఆ ఊరి లైను నువ్వే రాయాలె. నాతోని గాదు, పరేషాన్ చెయ్యకు" అన్నాడు. నాలుగేళ్ళలో ఆ పాట నాదని మా ఇద్దరి మధ్య పడిన ఒకే ఒక్క మాట అది.

చూడకుండా రాయలేను కదా. ఒంటరిగా బస్సెక్కాను. పెబ్బేరు దాకా బాగానే ఉన్నాను. పెబ్బేరులో సగం బస్సు ఖాళీ అయ్యింది, గాలి వచ్చింది, కళ్ళు వాలిపోయాయి. లేచి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఇన్ని సీట్లుంటే ఎందుకు నిలబడ్డావని కండక్టర్ అడిగాడు. నిద్ర వస్తుందని చెప్పాను. ఆయన నన్ను వింతగా చూసి ముందుకు పోయాడు.

ఈదులబండ ఒక మలుపు. మలుపులో బోరింగు, దాని చుట్టూ బిందెలు, అయిదారుగురు ఆడవాళ్ళు. బస్సు ఆగగానే వాళ్ళు కొట్టడం ఆపి కిటికీలన్నీ చూశారు, ఒక్కొక్కటే, చివరిదాకా. ఎక్కడానికి కాదు. ఊరి ఆడబిడ్డలెవరైనా ఆ బస్సులో పోతున్నారేమోనని. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా వాళ్ళ కళ్ళు కిటికీల మీదే ఉన్నాయి. నేను కుడివైపు కిటికీలోకి వంగి చూస్తున్నాను. ఒకామె నన్ను చూసి పక్కామెను మోచేత్తో పొడిచింది.

"గా పిల్లనే. సాయమ్మ భుజం మీద పండుకుంటుండె, యాదికి లేదా? ఇయ్యాల లేసున్నది."

అందరూ నవ్వారు. నేను ఒక్కసారీ చూడని ఊరు నన్ను ఏళ్ళ తరబడి చూస్తూ ఉందని అప్పుడు తెలిసింది. బస్సు కదిలింది. నేను సీట్లో కూలబడి రాసుకున్నాను.

ఈదులబండ బోరు కాడ బిందె నిండి పొర్లెను,
కిటికీల మా బిడ్డుందని కండ్లు అటే నిలిచెను.

రివర్స్

పండగ రోజు యాదగిరన్న కొత్త లాల్చీ వేసుకున్నాడు. లైను అరచేతిలో రాసుకున్నాడు. వనపర్తి నుంచి దారిపొడుగునా పాడుకుంటూనే వచ్చాడు. ఊరు ఊరంతా బొడ్రాయి చుట్టూ కూర్చుంది. చీరలు పెట్టించుకున్న ఆడబిడ్డలు ముందు వరుస. నర్సింహ చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

పాట మొదలయింది. ఎర్రవల్లి. బీచుపల్లి. పెబ్బేరు రాగానే జనం సర్దుకుని కూర్చున్నారు. ఈలలు వేసేవాళ్ళు నోట్లో వేళ్ళు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మేమిద్దరం "ఇంకెన్ని ఊర్లన్నా" అన్నాం. యాదగిరన్న కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, నాలుగేళ్ళుగా ప్రతి స్టేజీ మీదా పాడినట్టే, పెబ్బేరు తర్వాత నేరుగా వనపర్తి అందుకున్నాడు.

మనిషి చెడ్డవాడు కాదు. నోటికి అలవాటయిన దారి. అరచేతి రాత చెమటకు నీలంగా కారిపోయి లాల్చీకి అంటుకుంది.

ఈలకు పెట్టిన వేళ్ళు నోట్లోనే ఉండిపోయాయి. నర్సింహ చేతులు విప్పాడు. నా పక్కన సాయమ్మక్క మైకును తన వైపు తిప్పుకుంది. కోరస్‌వాళ్ళు ఎప్పుడూ చేయని పని అది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆయనతో సూటిగా మాట్లాడింది, ఊరందరి ముందు, మైకులో.

"యాదగిరీ, బండి ఆపు. మా ఊరు ఎనకనే పాయె."

డోలక్ ఆగింది. యాదగిరన్న కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో అప్పుడు అర్థమయింది ఆయనకు. ఒక్క క్షణం బిక్కమొహం వేసి, తర్వాత రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నట్టు పట్టి, మెడ వెనక్కి తిప్పి, "రైట్, రైట్, రానియ్యి" అని తనకు తానే చెప్పుకుంటూ నాలుగడుగులు వెనక్కి నడిచాడు. జహంగీరన్న డోలక్ మీద ఇంజను చప్పుడు చేశాడు. జనం పడీపడీ నవ్వారు. ఆగి, గొంతు సవరించుకుని, ఈదులబండ లైను పాడాడు. బోరింగు దగ్గరి ఆడవాళ్ళు ముందు వరుసలోనే ఉన్నారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. అది మళ్ళీ పాడించారు. తొమ్మిదిసార్లు. వనపర్తి ఆ రోజు రానేలేదు.

పాట అయ్యాక యాదగిరన్న దండం పెట్టి, మైకులో ఇన్నేళ్ళు ఈ ఊరు విడిచిపెట్టిన తప్పు తనదని, ఆడబిడ్డ తప్పేం లేదని చెప్పాడు. చెప్పి నా వైపు చూశాడు. మళ్ళీ అదే చూపు, తలుపు తెరిచి పట్టుకున్నట్టు. అక్కడ తివాచీ లేదు, మట్టి నేల. నేను దాన్నే చూశాను.

నర్సింహ వచ్చి అక్క సంచి తీసుకుని ఇంటి దిక్కు నడిచాడు.

చివరి బస్సు

ఆ తర్వాత రెండేళ్ళకు బృందం ఆగిపోయింది. చివరిసారి పోయింది యాదగిరన్న షాపులో ఉన్న మా గజ్జెలు, మైకు స్టాండు పంచుకోవడానికి. ఆ రోజు సాయమ్మక్క తన సామానంతా రెండు సంచుల్లో సర్దుకుని బస్సెక్కింది. తన వాటా గజ్జెలు కూడా నన్నే ఉంచుకోమన్నది. ఆమె వనపర్తి దాకా రాదు. ఈదులబండలో దిగి తమ్ముడి దగ్గరే ఉండిపోతుంది. మళ్ళీ కుడివైపు సీట్లో కూర్చుంది.

ఈసారి నిద్రపోకూడదనుకున్నాను. పెబ్బేరులో బస్సు ఖాళీ కాగానే చెప్పేయాలని గద్వాల నుంచీ వాక్యాలు కూర్చుకుంటూ వచ్చాను. పెబ్బేరు వచ్చింది. "అక్కా, ఆ పాట" అన్నాను. తర్వాతి మాట రాలేదు.

ఆమె కిటికీలోంచి చూస్తూనే అన్నది.

"నువ్వే రాసినవని తెలుసు. నాకు సదువు రాదు గని, నువ్వు ఏ ఊరి కాడ పెన్ను తీస్తవో, ఏ ఊరి కాడ పండుకుంటవో తెల్వదా? పండుకునేది నా భుజం మీదనేనాయె."

మరి ఆయనతో నాలుగేళ్ళు ఎందుకు మాట్లాడలేదని అడిగాను. గొంతు ఎట్లా వచ్చిందో తెలియదు.

"పాట నీది, పేరు వానిది. గా మాట నువ్వే చెప్తవని ఎదురు సూసిన. నాలుగేండ్లు సూసిన బిడ్డా. నువ్వు నోరు తెరిస్తే ఆ రోజే వానితోని మాట్లాడుతుంటి."

మీ ఊరు వచ్చినప్పుడన్నా నన్ను ఎందుకు లేపలేదు అని అడిగాను. అప్పటికే మలుపు వచ్చింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు కొట్టడం ఆపారు. ఆమె ఒక చెయ్యి పైకెత్తింది. రెండో చెయ్యి, అలవాటు కొద్దీ, నా తల ఉండే భుజం కదలకుండా ఒళ్ళోనే ఉంచుకుంది. నేను నిటారుగా కూర్చుని ఉన్నానని తర్వాత గుర్తొచ్చినట్టుంది, నవ్వింది.

సంచులు దింపుకుని, బస్సు కదిలేలోపు చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరకు వచ్చింది. నేను నోరు తెరిచాను. ఆమె చేత్తో వద్దన్నట్టు చూపి, చెప్పింది.

"వనపర్తికి ఇంక పావుగంట ఉన్నది. జర పండుకో బిడ్డా."